మూడు మిస్డ్ కాల్స్

కొత్త ఫోను తెర మీద ఎర్ర బాణం గుర్తు, దాని పక్కన మూడు అంకె కనబడేసరికి అమ్మాజీ అక్కడే గడప మీద కూలబడిపోయింది.

మూడు చూసి అంత హడలెందుకో చెప్పాలంటే ముందు ఆ ఇంట్లో ఉండే పాత ఫోను సంగతి చెప్పాలి. అమ్మాజీ కొత్తపేటలో ఒక ప్రైవేటు బడిలో ఆయా. ఆవిడ భర్త బాబూరావు కొబ్బరికాయల లారీ డ్రైవరు. అంబాజీపేటలో లోడెత్తితే నాగపూరో, ఇంకా పైకో వెళ్ళి దింపి రావాలి. నెలలో ఇరవై రోజులు రోడ్డు మీదే అతని కాపురం. రాష్ట్రం దాటాక వచ్చిన ఫోను ఎత్తినా డబ్బులు కోసేస్తారు గనక మొగుడూ పెళ్ళాలిద్దరూ ఒక ఏర్పాటు చేసుకున్నారు. సాయంత్రం ఐదింటికి బాబూరావు ఎక్కడున్నా ఇంటికి ఫోను కొడతాడు. ఒక్కసారి ట్రింగుమని ఆగిపోతే బాగున్నానని అర్థం. రెండుసార్లు మోగి ఆగితే లోడు దింపేశాను, ఇంటిదారి పట్టానని. మూడుసార్లు మోగితే ఏదో ముంచుకొచ్చింది, ఎంత ఖర్చయినా సరే వెంటనే ఫోను చెయ్యమని. ఏది వచ్చినా అమ్మాజీ విన్నానన్నట్టు తిరిగి ఒక్క రింగిచ్చేది, అవతల అతను కట్ చేసేవాడు. అంతే, ఆ రోజుకి కబుర్లు అయిపోయినట్టే.

ఐదేళ్ళలో మూడో రింగు ఒక్కనాడూ మోగలేదు. ఫోనులో వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నదీ లేదు. బడిలో టీచరమ్మలు "మీవారేమన్నారు అమ్మాజీ?" అని అడిగితే "బాగున్నానన్నారండి" అనేది, గొంతు చెవులారా విన్నట్టు. ఆ ఫోను చూడబోతే సబ్బుబిళ్ళంత, నలుపూ తెలుపూ తెర. రెండుసార్లు అంట్లగిన్నెల్లో పడ్డా దానికేమీ కాలేదు. వారానికోసారి చార్జింగ్ పెడితే చాలు, నోరు మూసుకుని పనిచేసేది. అలాంటిదాన్ని పట్టుకెళ్ళి కొత్తపేట సెంటర్లో రాంబాబు కొట్లో ఎక్స్ఛేంజికి ఇచ్చేశాడు మహానుభావుడు! అదీ ఆవిణ్ణి ఒక్క మాటన్నా అడక్కుండా.

"ఇదిగోనే, కలరు ఫోను! రెండు సిమ్ములు, కెమేరా, రేడియో. పాతదాని ధరలో సగం లేదు," అని బాబూరావు మురిసిపోతూ ఆవిడ చేతిలో పెట్టాడు.

రెండు సిమ్ములెందుకో ఆవిడకి అర్థం కాలేదు. ఉన్నది ఒక్క మొగుడేనాయె. కెమేరా అంటే సరే అనుకుని ఏదో నొక్కితే తన కాలి బొటనవేలు ఫోటో పడింది. అది ఎలా తీసెయ్యాలో తెలీక, తెర వెలిగినప్పుడల్లా ఆ బొటనవేలే కనబడుతుంటే అసహ్యం వేసింది. పొద్దున్న చార్జింగ్ పెడితే రాత్రికి నీరసపడిపోయేది. పాత ఫోను తెర మీద ఎప్పుడు చూసినా అక్షరాలుండేవి, ఇది నిమిషానికోసారి నల్లగా అయిపోయి నిద్రపోయేది. కొత్తది పాతదానికన్నా మెరుగ్గా ఉండాలి కదా, ఇదేమిటి తిరగబడింది అని ఆవిడ బోలెడు ఆలోచించింది. తనకే చేతకావడం లేదా, ఫోనుకే చేతకావడం లేదా అన్నది తేలలేదు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు రింగులో వచ్చింది. సరి చూద్దామని బాబూరావు పెరట్లో అరటిచెట్ల దగ్గర నిలబడి ఫోను కొట్టాడు. లోపల ఇది డప్పులూ ఈలలూ వేస్తూ ఊరేగింపులా పాట ఎత్తుకుంది. ఆగింది.

"ఎన్ని మోగింది?" అని అరిచాడు.

"నాకేం తెలుసండీ! పాటకి రింగులెలా లెక్కెడతారు?"

బాబూరావు తల గోక్కున్నాడు. ట్రింగుమనే మోత కోసం వెతికితే ఆ ఫోనులో పాటలే తప్ప మోతలు లేవు. చివరికి ఒక మార్గం చెప్పాడు. "పోనీలే, ఇకనించి రింగులు కాదు, కాల్సు లెక్కెట్టుకో. ఒక మిస్డ్ కాల్ ఇస్తే బాగున్నట్టు, రెండిస్తే వచ్చేస్తన్నట్టు, మూడిస్తే నువ్వు చెయ్యాలి. తెర మీద అంకె పడతాదిలే," అంటూ ఇప్పుడు పడ్డ ఒకటిని నొక్కి చెరిపేశాడు.

అప్పుడు తిక్క రేగింది అమ్మాజీకి. "బాగా నడుస్తున్నదాన్ని తగలేసి, ఈ ఆటబొమ్మ తెచ్చి, మళ్ళీ నాకు లెక్కలు నేర్పుతున్నారా? ఇంట్లో నేనో మనిషినున్నానని మీకు ఎప్పుడైనా గుర్తుంటే కదా! దీన్ని మీ లారీ ముందు నిమ్మకాయల దండకి కట్టుకోండి," అని ఎడాపెడా వాయించేసింది. బాబూరావు, దారికని ఆవిడ కట్టిన పులిహోర క్యారేజీ ముట్టుకోకుండా లారీ ఎక్కి వెళ్ళిపోయాడు. అది సోమవారం పొద్దున్న.

సోమవారం సాయంత్రం ఐదైంది, ఫోను పాట పాడలేదు. అలిగాడులే అనుకుంది. మంగళవారం ఐదైంది, ఆరైంది, పాట లేదు. తెర నల్లగా ఉంది. నొక్కితే ఇంకేం ఫోటో పడుతుందోనని భయపడి, చార్జింగులోనే ఉంచేసి ముట్టుకోలేదు. ఎంత కోపమొచ్చినా రింగివ్వడం ఎప్పుడూ మానలేదే, ఇప్పుడెందుకు మానాడని ఆ రాత్రి అన్నం సయించలేదు. పులిహోర మాట తల్చుకున్నప్పుడల్లా తన నోటిని తానే తిట్టుకుంది. బుధవారం ఐదు దాటాక బడి నుంచి వచ్చి, దుమ్ము పట్టిందని చీర చెంగుతో ఫోను తుడుస్తుంటే ఏ మీట ఒత్తుకుందో, తెర వెలిగింది. బొటనవేలి మీద ఎర్ర బాణం, పక్కన మూడు.

అలగలేదన్నమాట. ఏదో జరిగింది. ఎప్పుడిచ్చాడు మూడూ? ఇప్పుడేనా, నిన్నా? నిన్నయితే ఇరవైనాలుగు గంటలుగా తన ఫోను కోసం ఎదురు చూస్తున్నాడా? ఎదురు చూసే స్థితిలో ఉన్నాడా అసలు?

"ఓలమ్మో చిన్నమ్మలూ!" అని కేక పెట్టింది. పక్కింటి చిన్నమ్మలు చేతిలో చేట పట్టుకునే పరిగెత్తుకొచ్చింది. సంగతంతా విని, ఫోను అటూ ఇటూ తిప్పి చూసి, తన తెలివంతా వాడింది.

"రెండు సిమ్ములన్నావు కదంటే. ఒక్క కాలుకే రెండేసి పడతన్నాయేమో?"

"అలాగైతే మూడెలా పడతాదే? మూడులో సగం ఒకటిన్నర."

"మరదే అంటన్నాను. సగం బాగున్నాడేమో!"

"నీ నోట్లో మట్టి పడ! సగం బాగుండడమేంటే?" అని కసిరి, ఫోను గుప్పిట్లో బిగించుకుని రాంబాబు కొట్టుకి పరుగు తీసింది అమ్మాజీ. దారంతా "ప్రభువా, ప్రభువా" అనుకుంటూనే ఉంది. పిల్ల కాలువ మీద వంతెన దగ్గర చెప్పు తెగితే అక్కడే వదిలేసింది.

రాంబాబు ఆ ఫోను అమ్మిన పుణ్యాత్ముడు. మర్యాదకి మాత్రం ఏ లోటూ చెయ్యడు.

"రండి అక్కయ్యగారూ, కూర్చోండి. ఎలా ఉందండి ఫోను? మంచి పీసండి అది."

"దాని సంగతి తరవాత. ఈ మూడూ మా ఆయన ఒకేసారి ఇచ్చేరా, విడివిడిగా ఇచ్చేరా చెప్పు బాబూ."

"ఆయ్, ఎంతలో పనండి," అని రాంబాబు ఫోను తీసుకున్నాడు. "ముందిది సైలెంటులో ఉందండి. ఏదో మీట గట్టిగా ఒత్తుంటారు. అందుకే మీకు మోత వినబళ్ళేదు." తరవాత ఏవో నాలుగు మీటలు నొక్కాడు. తెర అలాగే బిగుసుకుపోయింది. "ఇది అప్పుడప్పుడు ఇలా చేస్తాదండి, బేటరీ తీసి పెడితే సరి," అంటూ ఆవిడ వద్దనేలోగా వెనక మూత ఊడదీసి, బేటరీ తీసి మళ్ళీ పెట్టాడు. తెర వెలిగింది. బొటనవేలు వచ్చింది. మూడు పోయింది.

"అంకేదీ?"

రాంబాబు మళ్ళీ నొక్కి చూసి నాలిక కరుచుకున్నాడు. "బేటరీ తీస్తే కాల్సు లిస్టు ఎగిరిపోద్దండి ఇందులో. పాత మోడల్లో ఉండిపోయేదండి."

"మరి ఆ పాత మోడల్ నా దగ్గర్నుంచి లాక్కున్నది నువ్వే కదా నాయనా!" అంది అమ్మాజీ. ఉన్న ఒక్క ఆనవాలూ పోయింది. ఇప్పుడు మూడు చూశానో, చూశాననుకున్నానో కూడా ఆవిడకి అనుమానంగా ఉంది. "ఆయనకి ఫోను కొట్టు. మాట్లాడాలి."

రాంబాబు నంబరు కలిపి ఆవిడ చెవి దగ్గర పెట్టాడు. మోగింది. ఠక్కున కట్టయింది. మళ్ళీ కలిపాడు. మళ్ళీ కట్టయింది. మూడోసారీ అంతే.

ఆవిడ తిరిగి రింగిస్తే బాబూరావు కట్ చెయ్యడం ఐదేళ్ళ అలవాటు. కానీ మూడు కాల్స్ ఇచ్చినవాడు ఎందుకు కట్ చేస్తాడు? అసలు కట్ చేస్తున్నది అతనేనా? ఫోను ఎవరి చేతిలో ఉంది? పోలీసుల చేతిలోనా? "మళ్ళీ కొట్టు, మళ్ళీ కొట్టు," అంది. ఐదోసారికి అవతల ఎత్తారు.

"ఏంటే, ఏమయ్యిందే? ఒంట్లో బాగానే ఉందా?" అది బాబూరావు గొంతే. వెనక లారీలు పోతున్న చప్పుడు.

"మీకేమయ్యింది ముందు చెప్పండి! మూడిచ్చేరు కదా!"

"మూడేంటే? రోజుకోటి చొప్పున ఇచ్చాను. సోమవారం ఓటి, నిన్నోటి, ఇందాకోటి. నువ్వు తిరిగివ్వకపోతే ఇంకా కోపంగానే ఉన్నావేమో అనుకున్నాను."

అమ్మాజీకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. బాగున్నాను, బాగున్నాను, బాగున్నాను. ఈ దిక్కుమాలిన ఫోను మూడూ కూడి ప్రమాదం చేసి చూపించిందన్నమాట! పైన దేవుడికి దణ్ణం పెట్టింది, రాంబాబు వైపు కొరకొరా చూసింది, ఒకేసారి నవ్వూ ఏడుపూ వచ్చాయి. ఇక పెట్టెయ్యాలి, డబ్బులు పోతున్నాయి. అయినా ఏదో అడ్డం పడింది. ఆ గొంతు తనకి తెలిసిన గొంతులా లేదు. బొంగురుగా, మాటమాటకీ ఆగుతూ ఉంది.

"ఏవండీ, గొంతలా ఉందేంటండీ?"

"ఏం లేదే. జొరం."

"ఎప్పట్నుంచి?"

"సోమవారం రాత్రి నుంచి."

"మరి నిన్నా ఇవాళా బాగున్నానని ఎలా ఇచ్చేరు?"

"మరేం ఇవ్వమంటావే? మూడిస్తే నువ్వు హడిలి చస్తావు. జొరానికని మనం ఏమీ అనుకోలేదు కదా."

కొట్లో ఎవరో రాంబాబుని రీచార్జి అడుగుతున్నారు. కిందటి వేసవిలో ఆయన భుజం మీద కుట్లతో ఇంటికి రావడం అమ్మాజీకి గుర్తొచ్చింది. కాయలు కట్టే తాడు కోసుకుందని చెప్పాడు. తాడుకి తొమ్మిది కుట్లా అని అప్పుడే అనిపించింది. కానీ ఆ వారమంతా రోజూ ఐదింటికి ఒక్క రింగే వచ్చింది, ఆవిడ రింగునే నమ్మింది.

"అప్పుడు భుజానికి దెబ్బ తగిలింది కదండీ. తాడేనా?"

లారీ ఒకటి హారను కొట్టుకుంటూ పోయింది.

"బండి పక్కకి ఒరిగిందే. రెండ్రోజులు ఆసుపత్రిలో ఉంచేరు. ఇప్పుడెందుకే అదంతా?"

"ఇంకా ఎన్నిసార్లు అలా ఇచ్చేరు?"

"నేనేం లెక్కెట్టుకున్నానా? పెట్టెయ్, డబ్బులైపోతాయి."

"అయిపోనీండి. అయిపోతే రాంబాబు వేస్తాడు," అంది అమ్మాజీ. ఐదేళ్ళ సాయంత్రాల్లో ఏది నిజంగా బాగున్న సాయంత్రమో, ఏది కాదో ఆవిడకి ఇక తెలిసే దారి లేదు. వాటన్నిటికీ తను బుద్ధిగా విన్నానని తిరిగి రింగిచ్చింది. ఆవిడకి మొగుడి మీద కోపం రాలేదు, తన మీదే వచ్చింది. "పొద్దుట్నుంచి ఏం తిన్నారు?"

"తిన్నాన్లే."

అడగ్గానే వచ్చేసింది ఆ జవాబు. ఆవిడ ఫోనుని చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది.

"నిజం చెప్పండి."

అతను గట్టిగా ఊపిరి పీల్చుకోవడం వినిపించింది.

"ఏమీ తినలేదే అమ్మాజీ," అన్నాడు బాబూరావు.