పడుకున్న మనిషి కిటికీ

హిజామ్ నిచ్చెన మీద నిలబడి, తడి జిప్సం ముద్దను కిటికీ అంచుల్లో బొటనవేలితో కూరుతున్నాడు. సనా నగరం పాతపట్నంలో ఏ మేడకేసి తలెత్తినా, కిటికీల పైన అర్ధచంద్రాకారంలో మెరిసే రంగుటద్దాల్లో సగం ఆయన చేతి చలవే. నలభై ఏళ్ళుగా జిప్సం పలకలు చెక్కీ చెక్కీ కనుబొమలు కూడా తెల్లబడ్డాయి. అంతటి పనివాడి ఇంటికి మాత్రం ఈ పొద్దుటిదాకా రంగు కిటికీ లేదు! భార్య హూరియా అడిగినప్పుడల్లా "వచ్చే వానలలోపు" అనేవాడు. ఎన్ని వానలు వెళ్ళిపోయాయో.

చలికాలం నుంచీ ఆవిడ పరుపు మీదనుంచి లేవలేదు. ఇక ఎక్కువ రోజులు మిగల్లేదని ఇద్దరికీ తెలుసు. ఆవిడ కళ్ళారా ఒక్కసారి చూస్తే చాలని, పదిరోజులు పట్టి దీన్ని చెక్కాడు.

"ఎలా ఉంది?" దిగకుండానే అడిగాడు.

"తెల్లగా ఉందయ్యా."

"ఎరుపు, నీలం?"

"ఊళ్ళోవాళ్ళకి పంచిపెట్టి వచ్చావేమో. నాకు సున్నమే కనిపిస్తోంది."

దిగి, ఆవిడ దిండు పక్కన తలవాల్చి చూశాడు. అక్కణ్ణుంచి తెల్లటి జిప్సం అంచులే కనిపించాయి. పలకలో రంగుటద్దాలు పొదిగే రంధ్రాలను ఏటవాలుగా కోస్తారు, గోడవారగా కూర్చున్నవాళ్ళ కంటికి రంగు సూటిగా అందేలా. అలవాటుపడ్డ చెయ్యి అలాగే కోసేసింది. హూరియా కూర్చోలేని మనిషన్న సంగతి దానికి తట్టనే లేదు. ఊరందరి కళ్ళూ కొలిచినవాడు కట్టుకున్నదాని దగ్గర లెక్క తప్పాడు.

"లేపి కూర్చోబెట్టనా?"

"ఊపిరాడదు. వదిలెయ్యవయ్యా."

వదల్లేదు, మళ్ళీ నిచ్చెనెక్కాడు. పలక ఆరిపోయింది, చాకు పిసరంత జారినా బీటలిస్తుంది. తడిగుడ్డ అద్దుతూ, ఒక్కో రంధ్రం కింది అంచునూ గీకసాగాడు. పొడి ఆవిడ దుప్పటి మీద రాలింది.

"పిండి చల్లుతున్నావు, రొట్టెలు చేస్తావా?"

"నోరు మూసుకుని పడుకోవే."

ఆవిడ నవ్వింది. నవ్వు దగ్గయి, చాలాసేపటికి తగ్గింది.

మసీదుల నుంచి మధ్యాహ్నపు ఎండ వాలాక వచ్చే నమాజు పిలుపు వినిపించేసరికి చివరి రంధ్రం పూర్తయింది. పట్టేసిన మోకాళ్ళతో దిగి, ఆవిడ పక్కనే వెల్లకిలా పడుకున్నాడు. ఎరుపు, పసుపు, నీలం, అన్నీ నేరుగా కళ్ళలో పడ్డాయి.

"హూరియా, ఇప్పుడు చూడు!"

ఆవిడ పైకే చూస్తోంది. రెప్ప వేయడం లేదు. చూసి వెళ్ళిందో, చూడకుండానే వెళ్ళిపోయిందో ఆయనకు తెలియలేదు. అడగడానికి ఇంకెవరున్నారు? దుప్పటిలో ముఖం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వచ్చి స్నానం చేయించారు. పొద్దు గుంకకముందే మగవాళ్ళు భుజాలకెత్తుకున్నారు. హిజామ్ కూడా వాళ్ళ వెనకాలే మెట్లు దిగాడు.

గదిలో పడమటి ఎండ కిందికి దిగి, ఆవిడ తల ఒత్తిడికి గుంటపడ్డ దిండు మీద ఎర్రగా, నీలంగా పరుచుకుంది.