నవ్వు చూసిన పడవ

పొద్దున్నే పడవల కళ్లు తుడవడం వనజాక్షి పని. రాత్రంతా ఉప్పుగాలికి వాటికి పుసి కడుతుంది. తడిగుడ్డతో మెల్లగా తుడిస్తే, రెప్పలార్పి సముద్రం వైపు చూస్తాయి. ఆ కళ్లు రాసింది వాళ్ల నాయన కామాక్షయ్య. ఒకప్పుడు బోగోలు చుట్టుపక్కల పల్లెల్లో ఆయన కన్ను రాయని పడవ లేదు. ఇప్పుడాయన చెయ్యి వణుకుతోంది. కుంచె కూతురి చేతికొచ్చింది గానీ, ఫైబరు పడవలొచ్చినాక కళ్లెవరిక్కావాలి? దారి సెల్లుఫోనే చూపిస్తుంది.

"గుడ్డి పడవల్లో పోతా ఉండారు జనం," అని కామాక్షయ్య మంచంలో గొణుక్కునేవాడు.

అందుకే రొయ్యల మేత కంపెనీ ఒకటి ఆ ఒడ్డున 'కడలి కళోత్సవం' చేస్తామని వచ్చినప్పుడు వనజాక్షికి ఇంట్లో వెన్నెల కాసినట్టయింది.

"ప్రచారం లేకపోతే ఎంత గొప్ప కళైనా చచ్చిపోతుందమ్మా," అన్నాడు కంపెనీ ప్రచారం చూసే గిరిబాబు. ఆ మాటలో అబద్ధం లేదు. అందుకే ఆ పిల్ల నమ్మేసింది.

ఫొటో తీస్తూ, "కొంచెం నవ్వు. ఇంకొంచెం. పళ్లు కనపడాల," అన్నాడు. ఆమెకు నవ్వు రాలేదు. కెమెరా వెనకాల మస్తాను, ఆమెను చేసుకోబోయేవాడు, రెండు చేతులూ పైకెత్తి పీతలాగా అడ్డంగా నడిచాడు. పకపకా నవ్వింది. ఆ నవ్వే తాటిచెట్టంత ఫ్లెక్సీ అయి ఒడ్డున లేచింది. మూలన కంపెనీ గుర్తు రొయ్య.

పడవ కంటికి పాప పెట్టేటప్పుడు ఎదురుగా ఆ పడవ గలవాళ్ల ఇంటి ఆడమనిషి కూర్చోవాలి. కనుపాప మొదట చూసిన మొహమే పడవకు ఇల్లు. ఎంత గాలివానలోనైనా ఆ మొహం దగ్గరికే తిరిగొస్తుంది. ఉత్సవానికి మస్తాను కొత్త పడవను ఎంచుకున్నారు. వాళ్లమ్మ దుర్గమ్మ తలస్నానం చేసి, బొట్టు పెట్టుకొని, ఆచారం ప్రకారం ఇసకలో కూర్చుంది. కానీ కెమెరాలకు అందాలని పడవనేమో స్టేజీ మీదికెత్తారు. వనజాక్షి నల్లచుక్క పెట్టింది. పడవ రెప్పలార్పింది. జనం చప్పట్లు కొట్టారు.

"నా పక్క చూళ్లేదుమే," అంది దుర్గమ్మ. మైకు హోరులో ఎవరికీ వినపడలేదు.

ఆ పడవ ఆమె తలమీదుగా ఫ్లెక్సీనే చూసింది.

తర్వాత రోజూ అది సూటిగా ఫ్లెక్సీ కిందికే వచ్చి ఆగేది. "పెళ్లి కాకముందే కొంగు పట్టుకోని తిరగతా ఉండాదిరా నీ పడవ!" అని మస్తాన్ని ఏడిపించేవాళ్లు. పేపర్లో వార్త పడింది. హోటళ్లవాళ్లు కళ్ల పడవలు కావాలన్నారు. కామాక్షయ్య లేచి కూర్చుని గంజి తాగాడు.

కార్తీకంలో ఒకనాడు ఈదురుగాలి లేచి ఫ్లెక్సీని చింపి ఎత్తుకుపోయింది. ఆ రోజు మస్తాను వేటలో ఉన్నాడు.

అందరూ వచ్చారు, అతను రాలేదు. "వాడి పడవ చుక్కాని తిప్పినా తిరగలా. తాడేసి లాగితే తెంపుకోని పోయింది. ఒడ్డులన్నీ వెతుక్కుంటా పోతా ఉండాది," అన్నాడు పక్క పడవలో వేటకు పోయొచ్చిన హజరత్తయ్య తడిసిన తల తుడుచుకుంటూ.

వనజాక్షి గిరిబాబుకు ఫోన్ చేసింది. "ఇంకో ఫ్లెక్సీ అంటే హెడ్డాఫీసు ఒప్పుకోవాలమ్మా. ఈ ఏటి ప్రచారం అయిపోయింది," అన్నాడతను. గొంతులో నిజంగానే బాధ ఉంది.

దుర్గమ్మ ఆమె చెయ్యి పట్టుకొని ఒడ్డుకు లాక్కుపోయింది. "ఆ మొహం నీదే గదా. నిలబడు. ఏడవమాక తల్లీ. అది చూసింది నవ్వే మొహాన్ని."

ఫ్లెక్సీ పోయి మిగిలిన ఉత్త గుంజల మధ్య నిలబడి వనజాక్షి నవ్వింది. పీత నడకను తలుచుకొని నవ్వింది. తెల్లారి మళ్లీ నిలబడింది, ఆ మర్నాడూ అంతే. చెంపలు లాగేశాయి, ఉప్పుకు పెదాలు పగిలాయి. సముద్రం చూడ్డానికొచ్చినవాళ్లు పక్కన నిలబడి సెల్ఫీలు దిగారు. "ఈ పిల్లకు ఏ బాధా లేనట్టుంది," అనుకుంటూ పోయారు.

చివరికొక సాయంత్రం పడవ కనపడింది. అంచు మీద వాలిపోయి మస్తాను, మొహమంతా ఎండకు పేలిపోయి ఉన్నాడు. ఆమె కళ్లలోకి నీళ్లు ఉబికాయి. పడవ ముక్కు కాస్త పక్కకు తిరిగింది.

"ఇప్పుడు కాదుమే!" అని కేకేసింది దుర్గమ్మ.

వనజాక్షి పళ్లు బిగబట్టి నవ్వింది. పడవ వచ్చి ఇసకను తాకింది. నలుగురూ మస్తాన్ని దించారు. అతని కాలు నేలకు ఆనగానే ఆమె మొహంలోంచి నవ్వు జారిపోయింది. భోరుమంది. పడవ రెప్పలార్పి, ఎవరో దారినపోయే మనిషిని చూసినట్టు ఆమెను చూసింది. ఒట్టిదే వెనక్కి అలల్లోకి వెళ్లిపోయింది.

వాళ్ల పెళ్లయింది. మస్తాను రొయ్యల గుంటల కాపలాకు పోతాడు గానీ, మనసు సముద్రం మీదే. ఆ పడవ ఎదురుపడితే ఎక్కేస్తానంటాడు. మరుసటేడు గిరిబాబు పెద్ద ఆర్డర్లతో వచ్చాడు. వనజాక్షి తెల్లగుడ్లు రాసింది, పాపలు పెట్టలేదు. ఆ గుడ్డికళ్ల పడవల్ని హోటళ్లలో జనం ఎంతో మెచ్చుకుంటున్నారట.

ఇప్పటికీ పొద్దున్నే తడిగుడ్డతో ఒడ్డుకు పోతుంది. ఎవరైనా నవ్వులాట మాట అంటే, నవ్వు సముద్రానికి కనపడకుండా గబుక్కున కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంటుంది. దూరంగా ఆ ఒట్టి పడవ ఇంకా ఒడ్డు వైపే చూస్తూ పోతోంది.