మొదటి వరుస పిల్ల

శుక్రవారం ఉపవాస కూటంలో మా చెల్లి బ్లెస్సీని మొదటి వరుసలో కూర్చోబెడతారు. గుండుగొలను సంఘంలో దానంత భక్తిపరురాలు లేదట. అందరూ వారానికో పూట తిండి మానేస్తే అది రోజూ మానేస్తుంది. ఆ పొగడ్తకి మా అమ్మ జీవరత్నం పొంగిపోతుంది. రాత్రికి మాత్రం ఒక్క ముద్దైనా తినమని బతిమాలుతుంది.

భక్తీ లేదు, పాడూ లేదు. దానికి తిండంటే భయం. ఇంట్లో మిషను కుట్టేది నేను కాబట్టి నాకు తెలుసు. దాని జాకెట్లకి కుట్లు లోపలికి వేసీ వేసీ విసుగొచ్చింది. వేసిన ప్రతిసారీ అది బీరువా అద్దం ముందు నిలబడి, ఎముకకి అంటుకున్న చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి లాగుతుంది.

"చూడక్కా, ఎంత కొవ్వో! గుడ్డ సాగిపోయి జాకెట్టు వదులైందంతే. నేనేం తగ్గలేదు."

టేపు పెట్టి చూపించినా నమ్మదు. టేపే తప్పంటుంది.

ఏలూరు డాక్టరుకి చూపిద్దామని అమ్మ కాళ్లావేళ్లా పడ్డాను.

"దేవుడి కోసం కడుపు మాడ్చుకునే పిల్లకి రోగం అంటగడతావేంటే బిందూ? నోర్ముయ్," అంది.

మొన్న ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల, రొట్టె పంచే ఆరాధన. గోరంత రొట్టె ముక్క. అందరం నోట్లో వేసుకున్నాం. బ్లెస్సీ రుమాల్లో దాచింది. పక్కనున్న సంఘపెద్ద రూతమ్మగారు చూసి, రుమాలు విప్పించారు.

"ప్రభువు శరీరమమ్మా ఇది! ఎందుకు దాచావు?"

బ్లెస్సీ నిజం చెప్పేసింది. "లావైపోతానండి."

అమ్మ ముఖం పాలిపోయింది. ఏడాదిగా కళ్లెదుట పిల్ల కరిగిపోతుంటే రాని భయం, గోరంత రొట్టెకి వచ్చింది. నాకు ఒళ్లు మండింది. అయినా, ఇప్పటికైనా ఆసుపత్రికి తీసుకెళ్తారని ఆశపడ్డాను.

చర్చి మెట్ల మీదే ఆడవాళ్లంతా తేల్చేశారు. దురాత్మ పట్టిందట. బ్లెస్సీ పేరున ఇవాళ్టినుంచే ఉపవాస ప్రార్థన పెట్టాలట.

"పిల్ల కూడా ఉపవాసం ఉండాలండీ," అన్నారు రూతమ్మగారు. అమ్మ తలూపింది.

నేను బ్లెస్సీ చెయ్యి పట్టుకుని రోడ్డు మీదికి లాక్కెళ్లాను. ఏలూరు బస్సు వచ్చి ఆగింది.

"ఎక్కవే తల్లీ, నీకు దణ్ణం పెడతాను. పెద్దాసుపత్రికి పోదాం."

అది చెయ్యి విడిపించుకుని నవ్వింది. దాని నవ్వు చూసి ఎన్ని నెలలైందో!

"ఉపవాసం అయ్యాక వెళ్దామక్కా. ఇప్పుడు రాత్రి ముద్ద కూడా తినమని అమ్మ అడగదుగా."

బస్సు వెళ్లిపోయింది. మొదటి వరుస ఖాళీగా ఉంది, రమ్మని అమ్మ చర్చి లోపల్నుంచి దాన్ని పిలిచింది.