దాచిన నెల

బిడ్డ మెదడులో వారధి లేదంట. పొద్దున్నుంచి తనూజ చెవుల్లో ఆ ఒక్క మాటే గింగిరాలు తిరుగుతోంది. స్కాన్ తీసినాయన తెర మీద వెతికి వెతికి, మెదడు రెండు సగాల మధ్య ఉండాల్సిన నరాల కట్ట కనపడలేదని చెప్పి బయటికి పంపేశాడు. కడుపు మీద రాసిన జిగురు చీరకు అంటుకుని, ఒళ్ళంతా కంపరంగా ఉంది.

ఆస్పత్రి హాల్లో అత్త నాగలక్ష్మమ్మ కమలాపండు వలుచుకుని తింటూనే తీర్పు చెప్పేసింది.

“తీసేయించుకుందాం. అట్లాంటి బిడ్డను తెచ్చుకోని ఏం జేస్తావు? మళ్ళా కాన్పు రాదా ఏంది?”

గింజను అరచేతిలోకి ఉమ్మి, ఇంకో తొన నోట్లో వేసుకుంది. భూపేష్ ఫోన్లోంచి తల కూడా ఎత్తకుండా, “అమ్మ చెప్పేది నిజమే” అన్నాడు. కట్టుకున్న మొగుడు!

వేంపల్లె నుంచి కర్నూలు దాకా వచ్చింది కడపలో ఆస్పత్రులు లేక కాదు. కడపలో అయితే తెలిసినవాళ్ళు ఎవరైనా చూస్తారని. పరువు అంటే ఆ ఇంట్లో అంత భయం. పెళ్ళైన మొదటి ఆషాఢం కోడలు పుట్టింట్లో ఉండాలి, మొగుడు ఆ గడప తొక్కకూడదు. భూపేష్ ఆగాడా? పని ఉందని ఇంట్లో చెప్పి రాజంపేట వచ్చి, అత్తగారింట్లో మూడు రాత్రులు పడుకుని పోయాడు. నెల తప్పిందని తెలియగానే నాగలక్ష్మమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంది. ఆ తర్వాత తేరుకుని, బిడ్డ జ్యేష్ఠంలోనే నిలిచిందని ఊరంతా చెప్పుకొచ్చింది. అబద్ధం బయటపడుతుందని మొదటి నెలల్లో స్కాను కూడా తీయించనీయలేదు. ఈ ఆస్పత్రిలో చివరి నెలసరి ఎప్పుడని అడిగితే, తనూజ నోరు తెరిచేలోపే అత్త ఊరికి చెప్పిన లెక్క ప్రకారమే తేదీ రాయించింది.

డాక్టర్ మధులత లోపలికి పిలిచింది. రిపోర్టు చూసి కళ్ళజోడు తీసింది.

“మీరు చెప్పిన తేదీ ప్రకారం ఐదో నెల నిండింది. ఈపాటికి ఆ వారధి కనపడాల. కనపడలేదు. పైగా తల, తొడ ఎముక, అన్నీ నెల వెనకబడి ఉన్నాయి. తేదీ కచ్చితమేనా?”

“మా ఇంట్లో అబద్ధాలు ఆడం డాక్టరమ్మా” అంది నాగలక్ష్మమ్మ, రవ్వంత కూడా తడుముకోకుండా. “తీసేయండి. ఇంకా ఆలస్యమైతే కుదరదంట గదా.”

నెల వెనకబడి! తనూజకు ఏ నెలో తెలుసు కదా! చటుక్కున భూపేష్ వైపు చూసింది. అతనికీ తెలిసిపోయింది. ముఖం పాలిపోయింది. నోరు విప్పుతాడనుకుంది. అతను మెల్లగా తల దించుకుని ఫోన్ మీద వేలు ఆడించాడు. ఛీ! వీడి పక్కనా తను పడుకున్నది?

“అబద్ధం మేడం” అంది తనూజ. గొంతు పెద్దగానే వచ్చింది. “ఆ తేదీ అబద్ధం. ఇది ఆషాఢంలో నిలిచిన బిడ్డ. ఈయప్ప మా ఇంటికి దొంగతనంగా వచ్చినప్పుడు నిలిచింది. ఊర్లో నవ్వుతారని మా అత్త నెల ముందుకు జరిపింది.”

“నోరు ముయ్యే!” అంది నాగలక్ష్మమ్మ.

డాక్టర్ చెయ్యెత్తి ఆమెను ఆపింది.

“అయితే నిండింది నాలుగు నెలలే. మెదడులో ఈ సగం నుంచి ఆ సగానికి ముందుగా కొన్ని నరాల పోగులు దాటతాయమ్మా. వాటి వెంబడి తక్కినవి ఎక్కిపోతాయి. ఆ పని ఇప్పుడే జరుగుతా ఉంటుంది. కట్ట ఇంకా పొట్టిగా, సన్నగా ఉంటుంది, స్కాన్‌కు అందదు. ఉందనీ చెప్పలేను, లేదనీ చెప్పలేను. నెల ఆగి రా, చూద్దాం. ఇవాళ్టి స్కాన్ పట్టుకుని బిడ్డను మాత్రం తీయను.”

తర్వాత నాగలక్ష్మమ్మ వైపు తిరిగి, “ఆ తేదీ నమ్మి ఉంటే ఏమయ్యేదో తెలుసా మీకు?” అంది. నాగలక్ష్మమ్మ కొంగు సర్దుకుంది.

వరండాలోకి రాగానే కోడలి జబ్బ పట్టుకుంది.

“మొగుడూ పెండ్లాల సంగతి బయటిదాని ముందర చెప్తావా? సిగ్గుండాదా నీకు? సరే, అయిందేదో అయింది. కాన్పు ఆలస్యమైతే నెల ఎక్కువ మోసిందని చెప్పుకుందాం. ఊర్లో ఈ మాట ఎత్తొద్దు.”

బిడ్డ గురించి ఒక్క ముక్క లేదు. తనూజకు నోట్లోకి పసరు ఎగదన్నింది. వరండా చివర కుళాయి దగ్గరికి పరిగెత్తి భళ్ళున కక్కుకుంది.

భూపేష్ వెనకాలే వచ్చి వీపు రాయబోయాడు. తనూజ విదిలించి కొట్టింది.

“తాకొద్దు. నెల వెనకబడిందని డాక్టరమ్మ అన్నప్పుడే నీకు తెలిసింది. తెలిసి కూడా కూర్చుంటివి. చెప్పు, తెలిసిందా లేదా?”

అతను వెనక్కి తిరిగి తల్లి వైపు ఒకసారి చూశాడు.

“తెలిసింది” అన్నాడు గొంతు తగ్గించి. “అమ్మ ముందర ఎట్ల చెప్పేది?”

తనూజ ముఖం కడుక్కుని, రిపోర్టు చంకన పెట్టుకుని, గేటు దాటి, రాజంపేట బస్సు ఎక్కడానికి బస్టాండుకు ఆటో పిలిచింది.