ఎలీషా పాటలో ఖాదర్‌వలి

ప్రొద్దుటూరులో షంషాద్ టైలరింగ్ షాపు. హఫీజా జాకెట్లకు చేతులు కుడుతోంది. షంషాద్ కొత్త సీడీ పెట్టింది. జమ్మలమడుగు ఎలీషా ముప్పై ఏళ్ల పాటల్ని ఎవరో లెక్చరరు ఏరి వేయించాడట. గిటారు, డప్పు, ఒక మనిషి గొంతు. సగం పాటలు హఫీజా బస్సుల్లో విన్నవే. రాసినాయన పేరు ఆ రోజే తెలిసింది.

ఎనిమిదో పాట దగ్గర ఆమె మిషను ఆపింది.

'జీపులో ఉండేవి శెనక్కాయ మూటలే, ఖాదర్‌వలి చేతిలో ఉండేది స్టీరింగే, బాంబు వచ్చింది గట్టు మీద నుంచి.'

ఖాదర్‌వలి ఆమె మొగుడు. పదమూడేళ్ల కిందట, ఎలక్షన్ల ముందు, రాజుపాలెం దోవలో జీపుతో పాటు కాలిపోయాడు. అతను మోస్తున్న బాంబులే పేలాయని పోలీసులు రాశారు. రెండు పార్టీలూ సరేనన్నాయి. అప్పటి నుంచి ఆమె బాంబుల డ్రైవరు పెండ్లాం. ఆ సంగతి తెలిసి ఆమెకు ఇల్లు అద్దెకివ్వనివాళ్లు నలుగురు.

మర్నాడు పొద్దున్నే జమ్మలమడుగు బస్సెక్కింది. చర్చి వెనక ఇంట్లో ఎలీషా గిటారుకు తీగ బిగిస్తున్నాడు. అతని భార్య ప్రేమమ్మ నీళ్లిచ్చింది. హఫీజా చెంబు ముట్టలేదు.

"నేను ఖాదర్‌వలి పెండ్లాన్ని. పాటలోది నీకెవురు చెప్పినారప్పా?"

ఎలీషా తీగ వదిలేశాడు. "ఎవురూ చెప్పలేదమ్మా. పక్క చేన్లో ఉన్న్యా. చూసినా."

"చూసినావా! మరి కోర్టులో యాడ పోయింది నీ నోరు?"

"పాటలో చెప్పినా కదమ్మా. రెండూర్లలో పాడినా. మూడో ఊర్లో గిటారు పగలగొట్టినారు."

"పాటకు స్టేషన్లో సీలేస్తారా?"

ఆమె సంచిలోంచి తెల్లకాగితం, పెన్ను తీసి ముందు పెట్టింది.

"ఇసిరినోని పేరు పాటలో లేదు. ఈడ రాయి."

"వానికిప్పుడు పులివెందుల్లో పెట్రోలు బంకుంది. ఎనక పార్టీ ఉంది."

"రాయొద్దు," అంది ప్రేమమ్మ. "పిచ్చి పట్టిందా నీకు?"

"అక్కా, నీ మొగుడు నీ పక్కన కూచోనుండాడు. నువ్వు మాట్లాడొద్దు."

ఎలీషా పెన్ను తీసుకున్నాడు. మొదటి మాట కోసం పాటను లోపల్లోపలే కూనిరాగం తీశాడు.

"రాగం తీయొద్దు. రాయి."

తేదీ, చోటు రాశాడు. పేరు దగ్గర పెన్ను ఆగింది. ఆమె కదల్లేదు. పేరు రాశాడు, సంతకం పెట్టాడు. ఆమె రెండుసార్లు చదివి కాగితం మడిచింది.

గడప దగ్గర చెప్పులేసుకుంటుంటే అతను అడిగాడు.

"ముప్పై ఏండ్లలో నన్ను ఎతుక్కుంటా వచ్చింది నువ్వొక్కదానివే. పాట బాగుందా అమ్మా?"

"శానా బాగుంది. అందుకే ఒళ్లు మండుతాంది," అని హఫీజా పోలీస్‌స్టేషన్ దోవ పట్టింది.