మొగులయ్య పెట్టిన పరీక్ష

ఆబిడ్స్‌లో మొగులయ్య దుకాణానికి వెళ్లి, ఛార్జరు కొనుక్కుని చక్కా వచ్చేయడం ఎవరి తరమూ కాదు. పరాయి దేశం పోతున్నామని పొరపాటున నోరు జారామా, ఇక దొరికిపోయినట్టే! పరీక్ష పాసైతేగాని సామాను చేతికివ్వడు. ఇదెక్కడి పిచ్చి అని చుట్టుపక్కల దుకాణాలవాళ్లు నవ్వుతారు. తమ ఇంట్లోవాళ్లు విమానం ఎక్కుతుంటే మాత్రం అతని దగ్గరికే పంపుతారు.

ఈ సంగతి తెలియని అమరేశ్వరరావు, తన భార్య శేషారత్నాన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. కౌలాలంపూర్‌లో ఆవిడ చెల్లెలు వసుమతికి మూడు రోజుల్లో గుండె ఆపరేషన్. పక్కన ఉండే దిక్కు లేదు. చూస్తే ఆయన పాస్‌పోర్టు గడువు తీరిపోయింది. హిమాయత్‌నగర్ దాటి ఒంటరిగా అడుగుపెట్టని శేషారత్నం ఎల్లుండి ఒక్కతే వెళ్లాలి. దారి తప్పితే, ఫోను ఆగిపోతే, వసుమతి అయినవాళ్ల మొహం చూడకుండానే ఆపరేషన్ బల్ల ఎక్కాలి. ఆ బెంగతో అమరేశ్వరరావుకి ముద్ద దిగడం లేదు.

"గాడ ప్లగ్గులకు మూడు చదరపు రంధ్రాలుంటయమ్మా, మన పిన్ను దూరది. గీ అడాప్టర్ వెట్టుకోవాలె. పవర్ బ్యాంకు చేతిసంచిల్నే ఉండాలె, పెద్ద పెట్టెల వేస్తే ఎయిర్‌పోర్టుల తీసేస్తరు" అన్నాడు మొగులయ్య. "ఇగ పరీక్ష. ఫోన్ల నెట్టు బంద్ జేసి, నడుసుకుంట నాంపల్లి స్టేషన్‌కు పోవాలె. గాడి వైఫై మీద నాకు వీడియో కాల్ జెయ్యాలె. ఎవరినన్నా అడగొచ్చు, సార్‌ను తప్ప."

"ఇదేం చోద్యమయ్యా! ఎండలో ఆవిణ్ణి..."

"మీరు కూసోండ్రి సార్. జర చాయ్ తాగుండ్రి."

శేషారత్నం కొంగు దోపుకుని బయల్దేరింది.

ఇరవై నిమిషాలకు అమరేశ్వరరావు ఫోను టింగుమంది. స్టేషన్ వైఫై ఓటీపీ! "చేరిందయ్యా!" అని ఎగిరి గంతేశాడు. మొగులయ్య మాత్రం నవ్వలేదు.

"అమ్మ ఫోన్‌కు రావాల్సింది మీకెందుకొచ్చింది సార్?"

"నా నంబరు కొట్టి ఉంటుంది. గ్యాసుకీ, బ్యాంకుకీ అన్నిటికీ నాదే ఇచ్చాం. ఆవిడకెందుకు తలనొప్పి అని..."

"మరి గాడ కార్డుతోని టాక్సీ బుక్ జేస్తే, గా ఓటీపీ గూడ మీ జేబులకే వస్తది. మీరు గీడ నిద్రల ఉంటే?"

అమరేశ్వరరావుకి తల కొట్టేసినట్లయింది. ఇన్నాళ్లూ ప్రేమ అనుకుని తను చేసిన పనే ఆవిడ కాళ్లకి అడ్డం పడింది. ఓటీపీ చెబుదామని ఫోను తీస్తే మొగులయ్య చెయ్యి పట్టుకున్నాడు. "ఆగుండ్రి సార్. అమ్మనే చూసుకోనియ్యిండ్రి."

చాయ్ చల్లారిపోయింది. పావుగంటకు మొగులయ్య ఫోను మోగింది. తెరనిండా చెమటలు కారుతున్న శేషారత్నం మొహం, వెనక రైలు పెట్టె.

"నా నంబరు నాకే నోటికి రాదని ఇప్పుడు తెలిసిందండీ! సిగ్గుతో చచ్చాననుకోండి. పక్కన కూర్చున్న అమ్మాయికి మిస్డ్ కాల్ ఇచ్చి, ఆ పిల్ల ఫోన్లో చూసి రాసుకున్నాను." అరచేయి చూపించింది. నీలం సిరాతో పది అంకెలు. "పాస్‌బుక్కు పట్టుకుని బ్యాంకుకి రండి. నా నంబరు ఇచ్చేద్దాం."

ముప్పై ఏళ్ల కాపురంలో ఆవిడ ఆయన్ని ఫలానా చోటికి రమ్మనడం అదే మొదలు. "శభాష్ రత్నం!" అన్నాడు అమరేశ్వరరావు, పదిమందీ చూస్తున్నారని కూడా మరిచిపోయి.

"ఔ, అమ్మ పాస్!" అంటూ మొగులయ్య అడాప్టర్ సంచిలో వేశాడు.

ఆపరేషన్ మర్నాడు ఇంట్లో ఫోను మోగింది. తెరమీద వసుమతి. ముక్కుకు గొట్టం, పెదాలు ఎండిపోయి ఉన్నాయి, పక్కన శేషారత్నం.

"బావగారూ, కళ్లు తెరిస్తే అక్క కనిపించింది. ఇంక నాకేం కాదులే అనుకున్నాను."

అమరేశ్వరరావు మరదలికి రెండు చేతులూ జోడించి, భార్యవంక చూస్తూ ఏడ్చేశాడు.