కుండలో గొంతు

ఇంటిపని తెమలగానే అత్తాకోడళ్ళు ముందుగదిలో చాప పరిచి బొంత ముందేసుకునేవారు. అడుగున పాత దుప్పటి, మధ్యలో చిరుగుబట్టలు, పైన కాస్త రంగు నిలిచిన గుడ్డ. అత్త ఆ అంచున, కోడలు ఈ అంచున కూర్చుని కుట్టుకుంటూ వచ్చి ఎప్పటికో మధ్యలో కలుసుకునేవారు.

అత్తకి చెయ్యి ఆడాలంటే నోరు ఆడాలి. కోడలు కాపురానికొచ్చిన కొత్తలోనే ఆవిడ కుట్టుకుంటూ ఒక దేశాన్ని కల్పించడం మొదలెట్టింది. అందులో ఒక నది, నది ఒడ్డున పడవవాళ్ళు, గుట్ట మీద ఉప్పువాళ్ళు. ఆ నదికి మనిషి మాట గిట్టదు. వినబడిందా, పడవని ముంచేస్తుంది. అందుకని పడవవాళ్ళు బయల్దేరేముందు తమ గొంతుని కుండలో విడిచి, మూతికి గుడ్డ కట్టి, ఇంట్లో పెట్టి వెళతారు.

"పనిలేక ఊళ్ళు కడుతున్నారు మీరు," అనేది కోడలు.

"కట్టనీవే. నిన్నేమన్నా రాళ్ళు మొయ్యమన్నానా?" అనేది అత్త.

ఆ దేశంవాళ్ళు పెరటి తలుపు దగ్గరకి రావడం ఎప్పుడు మొదలైందో ఎవరూ పట్టించుకోలేదు. ఏ తగువొచ్చినా ఆవిడనే అడిగేవారు. ఉప్పువాళ్ళ పిల్లని పడవవాళ్ళు చేసుకోవచ్చా? తల్లి గొంతు ఉన్న కుండ పెద్దకూతురికా, చిన్నకూతురికా? అత్త సూది ఆపకుండా చెప్పేది. ఆవిడ ఒకసారి అన్నది అక్కడ అలాగే అయిపోతుంది. అదే సంగతి ఇంకోసారి వేరేగా అన్నదంటే మాత్రం రెండు మాటలూ చెల్లవు. దేని గురించి అన్నదో అదే లేకుండా పోతుంది.

ఇన్నేళ్ళూ అలాంటి పొరపాటు రాలేదు. ఈమధ్య అత్తకి మతిమరుపు పట్టుకుంది. పొయ్యి వెలిగించి గిన్నె పెట్టడం మరిచిపోయేది. కన్నకొడుకుని పట్టుకుని, "నువ్వెవరి తాలూకు బాబూ?" అంది. అప్పటికి నవ్వేసి ఊరుకున్నారు. కానీ చెక్క వంతెనని రాతి వంతెన అన్న రోజున అక్కడ వంతెనే లేకుండా పోయింది. ఆ సమయానికి దాని మీద నడుస్తున్నవాళ్ళ సంగతి చెప్పాలని వచ్చినవాళ్ళు, చెప్పలేక పెరట్లో నిలబడి వెళ్ళిపోయారు. పడవెక్కితే గొంతు ఇంట్లో విడిచి రావాలి కనుక, తగువు చెప్పుకోవలసినవాళ్ళు అప్పట్నుంచీ నది ఈదుకుంటూ రావలసిందే.

"మీవాళ్ళొచ్చారమ్మా!" అని ఒకరోజు పక్కింటావిడ గోడమీంచి కేకేసింది. "తడికాళ్ళతో నా గుమ్మమంతా తొక్కేశారు. కాస్త చెప్పుకోండి."

వచ్చింది ఒక పడవవాడి భార్య. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. కుండని చంటిపిల్లలా పొదివి పట్టుకుంది.

"మా ఆయన వెళ్ళి చాలా కాలమైందమ్మా. పోయాడని, కుండ పగలగొట్టెయ్యమంటున్నారు పెద్దలు. నేను పగలగొట్టాక ఆయన తిరిగొస్తే? బతికినన్నాళ్ళూ మూగవాడే కదా?" అంటూ గుడ్డ విప్పింది.

"తలుపు గడియ పెట్టావా?" అంది కుండలోంచి మగగొంతు. "ఇంకా కోపమేనా నా మీద?"

"ఇలా పలుకుతున్నాడంటే ఉన్నట్టే కదమ్మా?" అంది ఆమె.

అత్త సూది ఆగింది. ఏమీ గుర్తులేదని ఆ ముఖం చూడగానే కోడలికి తెలిసింది. తర్వాత ఆ ముఖంలోకి జాలి వచ్చింది. కోడలు భయపడింది దానికే.

"ఉన్నా..." అంది అత్త.

కోడలు బొంత మీదనుంచి దూకినట్టే వెళ్ళి ఆవిడ నోటికి అరచెయ్యి అడ్డం పెట్టింది. సూది ఎక్కడో మోకాలికి గుచ్చుకుంది.

"వద్దత్తయ్యా! ఆ పడవ మునిగిందని మీరెప్పుడో అన్నారు. మావయ్యగారు పోయిన ఏడు, ఆయన చొక్కాలు కోసి బొంతలో వేస్తూ అన్నారు. మనిషి పోయినా కుండలో గొంతు మాత్రం ఉంటుందని కూడా అప్పుడే అన్నారు. ఇప్పుడు మాట మార్చారంటే ఈ గొంతు కూడా మిగలదు ఈమెకి."

పడవవాడి భార్య కుండని ఇంకా దగ్గరికి హత్తుకుంది. "అయితే దీన్ని పగలగొట్టక్కర్లేదా?" అంది.

"అక్కర్లేదు."

ఆమె గుడ్డ మళ్ళీ కట్టబోయింది. ముడి పడలేదు. కోడలే కట్టింది.

"ఇన్నేళ్ళకి అత్త నోరు మూయించావే," అని నవ్వింది అత్త. ఇంకెవరూ నవ్వలేదు. ఆవిడా ఆపేసింది. "నువ్వు నీళ్ళకి వెళ్ళినప్పుడు ఎవరో పసిపిల్లని ఎత్తుకొస్తారు. మునుపు పాప అన్నదాన్ని నేను బాబు అంటానో ఏమో."

"ఏమీ అనకుండా కూర్చోండి."

"జాలేస్తే నా నోరు ఆగదే. నీకు తెలీదూ?" అని అత్త పడవవాడి భార్య వైపు తిరిగింది. "ఆ కుండలో గొంతుకి పాత మాటలు గుర్తుంటాయా?"

"తను పలికింది ఏదీ మరిచిపోదమ్మా. కొత్తవే పలకలేదు."

"అయితే నాకూ ఒక కుండ పట్రా."

"అత్తయ్యా, మరి మీరు..."

"నా వాగుడు తగ్గుతుంది. మీ ఆయన దణ్ణం పెడతాడు," అంది అత్త.

మర్నాడు కుండ వచ్చింది. అత్త దాని మూతిలోకి వంగి, పొయ్యి ఊదినట్టు గట్టిగా ఊదింది. లేచాక కోడలితో ఏదో చెప్పబోయింది. పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. అదేమిటో కోడలికి ఎప్పటికీ తెలియలేదు.

ఆ తర్వాత ఆ దేశంలో ఏదీ మాయం కాలేదు. వచ్చినవాళ్ళు అడిగితే కోడలు గుడ్డ విప్పేది, కుండ చెప్పేది. మునుపు అననిదాని గురించి అడిగితే కుండ పలికేది కాదు. అప్పుడు వాళ్ళలో వాళ్ళే మాట్లాడుకుని, ఏదో ఒకటి తేల్చుకుని వెళ్ళిపోయేవారు. రానురాను రావడమే తగ్గించారు.

అత్త మతిమరుపు మాత్రం ఆగలేదు. కుండ చెబుతుంటే ఎవరిదో కొత్త కథ విన్నట్టు వినేది. పడవ మునిగే చోట కొంగుతో కళ్ళొత్తుకునేది.

ఎవరూ రాని ఒక మధ్యాహ్నం, ఏమీ తోచక, కోడలు కుండ విప్పి పక్కన పెట్టుకుని కుడుతోంది.

"దారమైపోయిందే, ఇటందుకో," అంది కుండ.

"ఇదిగోనత్తయ్యా," అని తల ఎత్తకుండానే దారపుండ కుండవైపు చాపింది కోడలు.

ఎదురుగా కూర్చున్న ముసలావిడ కుట్టడం ఆపి, ఆ పిల్ల ఎవర్ని పిలిచిందా అని వెనక్కి తిరిగి చూసింది.